చేతిలో ఆర్డరు లేనప్పుడు జరిగిన ప్రమాదం: ఒక డెలివరీ రైడర్ క్లెయిమ్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ముందు గాయపడినవారి తరఫున వాదించే న్యాయవాదిని. కొన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఆహారం, కిరాణా సరుకులు చేరవేసే రైడర్లవి బాగా పెరిగాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ మొదటి నుంచి రాస్తున్నాను. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ప్రమాదం జరిగినప్పుడు రైడర్ సంచిలో ఆహారం లేదు. ఒక ఆర్డరు ఇచ్చేసి, మరో ఆర్డరు దొరుకుతుందని ఖాళీగా తన జోన్‌కు తిరిగి వస్తున్నాడు. రైడర్ల భద్రత గురించి మనం చేసే చర్చంతా ఆర్డరు చేతిలో ఉన్న నిమిషాల గురించే. ఖాళీగా తిరిగివచ్చే దారి ఎవరి లెక్కలోకీ రాదు. కంపెనీ దానికి డబ్బులివ్వదు, బీమా సంస్థ దాన్ని డ్యూటీ అని ఒప్పుకోదు, కోర్టులో దాన్ని రుజువు చేయడానికి చాలా శ్రమ పడాలి.

క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. అతన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. చట్టానికి సంబంధించిన విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆ రాత్రి

రైడర్ వయసు 27. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లి ప్రాంతంలో స్నేహితులతో కలిసి గదిలో ఉండేవాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. వాయిదాల మీద కొన్న 125 సీసీ మోటార్‌సైకిల్ సొంత వాడకం కింద తెల్ల ప్లేటుతో రిజిస్టరయింది. డ్రైవింగ్ లైసెన్సు ఉంది, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఉంది. ఈ రెండూ లేకపోయి ఉంటే నేను రాసేది ఇంకో రకం కేసు అయ్యేది.

2024 జూలై, ఒక ఆదివారం. సన్నగా వాన. రాత్రి 11 గంటల 6 నిమిషాలకు నిజాంపేట అవతల ఒక గేటెడ్ కమ్యూనిటీలో చివరి ఆర్డరు ఇచ్చాడు. అక్కడ హోటళ్లు లేవు, అంటే కొత్త ఆర్డర్లు రావు. రైడర్లందరూ చేసే పనే అతనూ చేశాడు. హోటళ్లు ఎక్కువగా ఉన్న వైపు బండి తిప్పాడు. 11 గంటల 17 నిమిషాలకు, ఎడమ పక్క సందులోంచి వచ్చిన ఒక నీళ్ల ట్యాంకరు డివైడర్ ఖాళీలోంచి అవతలి వైపు తిరగడానికి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. దాని ముందు భాగం డివైడర్ ఖాళీలో ఉంది, వెనక భాగం అతను వస్తున్న లేన్‌ను మూసేసింది. బ్రేకు వేశాడు. ట్యాంకర్ల నుంచి కారే నీళ్లు, వాన, ఇసుక కలిసి అక్కడ రోడ్డు జారుడుగా ఉంది. బండి పక్కకు ఒరిగి ట్యాంకరు వెనక ఎడమ మూలకు తగిలింది. అతని కుడికాలు బండి కింద నలిగింది.

ఆగి సాయం చేసింది ఇంకో కంపెనీ రైడర్. 108కి ఫోను చేసింది అతనే, అంబులెన్సు వచ్చే దాకా గొడుగు పట్టుకుని నిలబడింది కూడా అతనే. తర్వాత సాక్ష్యం చెప్పాలని అడిగినప్పుడు మొదట భయపడ్డాడు. మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ప్రకారం, సాయం చేసినవారు తమ పేరు చెప్పాలని గానీ సాక్షిగా రావాలని గానీ ఎవరూ బలవంతం చేయకూడదు. ఆ సంగతి చెప్పాక అతనే ఆలోచించుకుని, వస్తానన్నాడు. బలవంతం లేదని తెలిసిన తర్వాతే ఒప్పుకున్నాడు కాబట్టి ఆ సాక్ష్యానికి బోనులో కూడా బలం వచ్చింది.

కుడి మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది, మణికట్టుకు చిన్న పగులు, తలకు పైపై గాయం. మొదట ఎముక కదలకుండా బయటి నుంచి ఫిక్సేటర్ బిగించారు, తర్వాత ఎముకలో రాడ్డు వేశారు, చర్మం అతికించారు. ఎనిమిది నెలలు పని లేదు. ఆసుపత్రి, మందుల బిల్లులు మొత్తం 5,10,000 రూపాయలు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది, అంటే ఈ ప్రమాదం జరిగి తొమ్మిది నెలలు దాటాక. అందుకే ఆ మొదటి రాత్రి అతని స్నేహితులు ఫోన్లు చేసి చేసి డిపాజిట్ డబ్బు పోగుచేయాల్సి వచ్చింది.

పోలీసు కాగితాలు

రైడర్ స్పృహలో లేడు. ఘటనా స్థలంలో పోలీసులకు మాట్లాడటానికి దొరికింది ట్యాంకరు డ్రైవర్ ఒక్కడే. దాంతో మొదటి ఫిర్యాదులో 'ద్విచక్ర వాహనదారుడు అతివేగంగా వచ్చి ట్యాంకరును ఢీకొట్టాడు' అన్న వాక్యం పడింది. డెలివరీ సంచి వేసుకున్నవాడు వేగంగానే వచ్చి ఉంటాడని ముందే నమ్మేవాళ్లకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. నేను చూసిన రైడర్ల కేసుల్లో ఈ నమ్మకం ఎదురుపార్టీకి సగం పని చేసి పెడుతుంది.

దాన్ని తిప్పింది రెండు విషయాలు. ఎదురుగా ఉన్న ఒక దుకాణం కెమెరాలో ట్యాంకరు తిరగడం రికార్డయింది. అలాంటి కెమెరాల్లో పాత రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. అతని గదిలోని స్నేహితులు మూడో రోజే వెళ్లి యజమానిని బతిమాలి కాపీ తీసుకున్నారు. ఆ పిల్లలు అంత తొందరపడకపోతే ఈ కేసుకు ప్రాణం ఉండేది కాదు. రెండోది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక. ట్యాంకరు వెనక దీపాలు రెండూ వెలగడం లేదని, మెరిసే టేపు లేదని అందులో ఉంది. ప్రమాదం దెబ్బకే దీపాలు పోయాయని బీమా సంస్థ వాదించింది. బండి తగిలింది ఎడమ మూలకు. కుడి దీపానికి గీత కూడా పడలేదు, కానీ అదీ వెలగలేదు. తనిఖీ నాటి ఫోటోలు ఈ ఒక్క విషయాన్ని చూపించడానికే పనికొచ్చాయి, అది చాలింది.

చివరికి పోలీసులు భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125(బి) (తీవ్ర గాయం కలిగించడం) సెక్షన్ల కింద ట్యాంకరు డ్రైవర్ మీద ఛార్జిషీటు వేశారు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మేమే పిటిషన్ వేశాం. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలన్న గడువు కూడా అదే 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఆ గడువు చెల్లుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందు ఉంది. తీర్పు ఎటు వచ్చినా, ఆరు నెలలు దాటనివ్వవద్దని ప్రతి రైడర్‌కూ చెబుతాను.

ప్లాట్‌ఫారమ్ (డెలివరీ యాప్ కంపెనీ) మీదే కేసు ఎందుకు వేయలేదని చాలామంది అడిగారు. ఒప్పందంలో అతను 'డెలివరీ భాగస్వామి'. యజమాని, ఉద్యోగి సంబంధాన్ని రుజువు చేయడానికే ఏళ్లు పడుతుంది. ట్యాంకరుకు థర్డ్ పార్టీ బీమా ఉంది, అంటే ఆ వాహనం వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే బీమా. కాలు విరిగి అప్పుల్లో ఉన్నవాడికి ముందు దారి దొరికే చోటికే వెళ్లాలి.

లాగ్ చెప్పిన సంగతి

ట్యాంకరు బీమా సంస్థ దాఖలు చేసిన జవాబులో ప్రధానమైన వాదన ఒకటే. రైడర్ ఫోను చూస్తూ బండి నడిపాడు, కాబట్టి తప్పులో అతనికీ వాటా ఉంది. ఇలాంటి వాదనకు సాక్ష్యం తేవాల్సింది చెప్పినవాళ్లే. కానీ హ్యాండిల్‌కు ఫోను బిగించి ఉన్న ఫోటో చూపిస్తే చాలు, మిగతాది వినేవారి మనసే పూరించుకుంటుంది. మేం దాన్ని ఎదుర్కోవాలంటే యాప్ లాగ్, అంటే ఏ క్షణంలో ఏం జరిగిందో యాప్ దాచుకున్న రికార్డు, కావాలి.

మొదట అడిగినప్పుడు కంపెనీ నుంచి వారం వారం చెల్లింపుల పట్టిక మాత్రమే వచ్చింది. ట్రిబ్యునల్ ద్వారా సమన్లు పంపాక, ఆ రోజు లాగిన్ వివరాలు, ఆర్డర్ల సమయాలు, జీపీఎస్ గుర్తులు, తెర మీద వచ్చిన ఆర్డరు ఆఫర్లు అన్నీ వచ్చాయి. భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జతచేయాలని మేం పట్టుబట్టాం. అది లేకపోతే ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా తీసుకోవడానికి అభ్యంతరం వస్తుంది.

జీపీఎస్ చివరి రెండు గుర్తుల మధ్య దూరం 420 మీటర్లు, పట్టిన సమయం 40 సెకన్లు. అంటే గంటకు 38 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఇది సగటు మాత్రమేనని, మధ్యలో వేగం పెరిగి తగ్గి ఉండొచ్చని ఎదుటి న్యాయవాది అన్నారు. ఆ మాట నిజమే. కానీ చివరి ఆర్డరు ఇచ్చిన చోటు (డ్రాప్) నుంచి ప్రమాద స్థలం దాకా 5.6 కిలోమీటర్లకు 11 నిమిషాలు పట్టింది. ఎలా లెక్కేసినా 'అతివేగం' అన్న మాటకు అందులో చోటు లేదు.

ఇంకా ముఖ్యమైనది ఆఫర్ల వరుస. 11 గంటల 16 నిమిషాల 20 సెకన్లకు అతని తెర మీద కొత్త ఆర్డరు ఆఫర్ వచ్చింది. 30 సెకన్లు నిలిచి, ఎవరూ తాకకపోవడంతో పోయింది. బండి ఆగినట్టు జీపీఎస్ చూపించింది 11 గంటల 17 నిమిషాల 10 సెకన్లకు. ఆఫర్ పోయిన 20 సెకన్ల తర్వాత. ఆ వేగంతో 20 సెకన్లంటే రెండు వందల మీటర్లకు పైమాటే. అంటే ట్యాంకరు ఎదురైన చోటికి రెండు వందల మీటర్ల వెనకే ఆ ఆఫర్ తెర మీద నుంచి మాయమైంది.

"మేడం, చప్పుడు వినిపించింది. చూడలేదు. వాన కదా, ఫోను ప్లాస్టిక్ కవరులో ఉంది. తడి కవరు మీద వేలు పెడితే పనిచేయదు, బండి ఆపి తుడుచుకోవాలి," అని అతను నాకు మొదటి రోజే చెప్పాడు. లాగ్ వచ్చింది చాలా నెలల తర్వాత. రెండూ అక్షరాలా కలిశాయి. ఆఫర్‌ను వదిలేస్తే అంగీకారాల శాతం తగ్గుతుందని రైడర్లకు తెలుసు. అందుకే చాలామంది కదులుతున్న బండి మీదే వేలు నొక్కుతారు. ఇతను నొక్కలేదు. ట్రిబ్యునల్‌లో అతన్ని నిలబెట్టింది యాప్ దృష్టిలో లోపంగా నమోదైన ఆ వదిలేసిన ఆఫర్.

దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. బండి కదులుతోందని ఫోనుకు తెలుసు, ఎందుకంటే జీపీఎస్ అదే చెబుతోంది. అయినా ఆఫర్ చప్పుడు చేస్తూ వస్తుంది, లెక్క తగ్గుతున్నట్టు తెర మీద గీత కరుగుతూ ఉంటుంది. ఫోను చూడొద్దని శిక్షణ వీడియోలో చెప్పి, రోడ్డు మీద అర నిమిషంలో తేల్చుకోమనడం ఒక దానికొకటి పొసగని పని. బండి నిలిచే దాకా ఆఫర్ ఆపి ఉంచడం సాంకేతికంగా పెద్ద కష్టం కాదు. నాకు దొరికే ఒక్క మార్పు ఏది కావాలని అడిగితే, నేను అడిగేది ఇదే. 'పది నిమిషాల్లో డెలివరీ' అన్న ప్రకటనలు తొలగించడం కంటే ఇది ఎక్కువమంది కాళ్లూ ప్రాణాలూ కాపాడుతుందని నా అనుభవం. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యం తర్వాత 'పది నిమిషాలు' అన్న ప్రచారం నుంచి క్విక్ కామర్స్ (నిమిషాల్లో సరుకులు చేర్చే) రంగం వెనక్కి తగ్గడం మంచిదే. కానీ ఈ రైడర్‌కు ఏ పది నిమిషాల గడువూ లేదు.

అదే లాగ్ మాకు వ్యతిరేకంగా కూడా మాట్లాడింది. ఆ రోజు ఉదయం 11 గంటల 40 నిమిషాలకు లాగిన్ అయ్యాడు. ప్రమాదం నాటికి పదకొండున్నర గంటలు దాటింది. ఆదివారం రాత్రితో వారం ఇన్సెంటివ్ ముగుస్తుంది. తర్వాతి స్లాబ్‌కు, అంటే అదనపు చెల్లింపు వచ్చే తర్వాతి మెట్టుకు, అతనికి ఇంకా మూడు ఆర్డర్లు కావాలి, అవి వస్తే 1,500 రూపాయలు వస్తాయి. బీమా సంస్థ న్యాయవాది దీన్ని పట్టుకున్నారు. అలసిపోయాడు, తొందరలో ఉన్నాడు, జాగ్రత్త తగ్గింది అన్నారు. లాగిన్ గంటలు, నడిపిన గంటలు ఒకటి కావని మేం చూపించాం. మధ్యాహ్నం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఒక్క ఆర్డరూ లేదు, బండి ఒకే చోట ఉంది. కానీ ఆ వాదనలోని సారాన్ని నేను కొట్టిపారేయలేను. మూడు ఆర్డర్ల దూరంలో స్లాబ్ పెట్టి, అర్ధరాత్రితో తలుపు మూసే ఏర్పాటు మనిషిని ఇంటికి వెళ్లనివ్వదు. ఆ ఏర్పాటు చేసినవారెవరూ కేసులో పార్టీలు కారు, దాని భారం మాత్రం రైడర్ మీద పడింది.

బీమా ఎక్కడ వెనక్కి తగ్గింది

ప్లాట్‌ఫారమ్ తరఫున రైడర్లకు ఒక గ్రూపు ప్రమాద బీమా ఉంది. అతని దగ్గర పాలసీ కాగితం లేదు, యాప్‌లో ఒక తెర మాత్రమే ఉంది. క్లెయిమ్ వేస్తే ఒక్క వాక్యంలో తిరస్కరించారు. 'ప్రమాద సమయంలో యాక్టివ్ ఆర్డర్ లేదు.'

పాలసీ పూర్తి పాఠం కావాలని రాశాం, ఫిర్యాదుల విభాగానికి మళ్లీ రాశాం. వచ్చాక చూస్తే అందులో ఉన్న మాట 'లాగిన్ అయి ఉన్న సమయం'. యాక్టివ్ ఆర్డరు ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. కాల్ సెంటర్‌లో వాడుతున్న నియమం పాలసీలో లేని నియమం. ఆ పాఠాన్ని, లాగిన్ రికార్డునూ కలిపి పంపాక, ఆసుపత్రి ఖర్చుల కింద ఉన్న పరిమితి మేరకు లక్ష రూపాయలు ఇచ్చారు. ట్రిబ్యునల్‌లో మేం మిగిలిన 4,10,000 బిల్లులనే అడిగాం, ఒకే బిల్లు రెండు చోట్ల పెట్టలేదు. ఈ తిరస్కరణ వచ్చిన రోజే వదిలేసినవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. పాలసీ పాఠం అడిగి తీసుకోవడం హక్కు, దానికి న్యాయవాది కూడా అక్కర్లేదు.

రైడర్ సొంత బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ. బండి బాగుచేయించుకోవడానికి అందులో ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, సొంత వాడకం కింద రిజిస్టరయిన బండిని డెలివరీకి వాడారన్న కారణంతో బీమా సంస్థలు అభ్యంతరం చెబుతాయి. యజమాని నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలన్న నిబంధన ఉన్నా, రెన్యువల్ సమయంలో అది వదిలేసినవారు కనిపిస్తూనే ఉంటారు. మరణం, అవయవ నష్టం వంటి సందర్భాల్లో అది కుటుంబాన్ని నిలబెడుతుంది. కొద్ది వందల రూపాయల కోసం దాన్ని వదులుకోవద్దు.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు (ఇలా యాప్‌ల ద్వారా పనిచేసేవారికి) ప్రకటించిన 5 లక్షల ప్రమాద బీమా మరణానికి సంబంధించినది. కాలు విరిగి ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నవాడి అద్దె, బండి వాయిదాలు ఎవరు కడతారన్న ప్రశ్న ఆ ప్రకటన తర్వాత కూడా అలాగే ఉంది.

ఆదాయం, వైకల్యం

గాయం కేసుల్లో పరిహారం ఎక్కువగా తేలేది ఈ రెండింటి దగ్గరే. చాలామంది రైడర్లు నష్టపోయేదీ ఇక్కడే.

అతను ఆదాయపు పన్ను రిటర్న్ వేయలేదు. జీతం చీటీ లేదు. నెలకు 12,000 అనుకుందామని బీమా సంస్థ అంది. మేం ఏడాది వారపు చెల్లింపుల పట్టికలు, అవి పడిన బ్యాంకు ఖాతా వివరాలు, ఒకదానితో ఒకటి సరిపోల్చి పెట్టాం. నెల సగటు 31,000 రూపాయలు. అందులోంచి పెట్రోలు, టైర్లు, సర్వీసు తీసేయాలి. మొత్తం ఆదాయాన్ని చూపించి ఖర్చులు దాచితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్ష్యం మొత్తానికీ విలువ పోతుంది, అందుకే ఖర్చుల లెక్క కూడా మేమే పెట్టాం. మా లెక్కలో మిగిలేది 22,000. ట్రిబ్యునల్ 18,000 తీసుకుంది.

వైకల్యం సంగతి ఇంకా సున్నితం. మెడికల్ బోర్డు కుడికాలికి 35 శాతం వైకల్యం అని రాసింది. కాలికి 35 అంటే శరీరం మొత్తానికి అందులో మూడో వంతు, అంటే 12 శాతం అని బీమా సంస్థ వాదన. 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు, వైద్యపరమైన శాతం ఒకటి, సంపాదన శక్తి తగ్గిన శాతం మరొకటి అని స్పష్టంగా చెప్పింది. ఈ మనిషి చేసే పనిలో ఈ గాయం ఏం తీసేసిందో చూడాలి.

మోటార్‌సైకిల్ వెనక బ్రేకు కుడిపాదం కింద ఉంటుంది. అతని చీలమండ ఇప్పుడు పూర్తిగా వంగదు. దీన్ని డాక్టర్ చేత చెప్పించాం. దానికి ఎదుటి న్యాయవాది అడిగిన ప్రశ్న న్యాయమైనదే. స్కూటర్ నడపొచ్చు కదా, దానికి బ్రేకులు చేతిలోనే ఉంటాయి కదా? అప్పుడు డెలివరీ పని అంటే ఏమిటో రైడరే చెప్పాడు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో బండిని గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడి నుంచి టవరు దాకా నడక. పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఉండదు, ఉన్నా పనిచేయదు. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, బియ్యం సంచి మోసుకుని మెట్లెక్కాలి. హోటల్ దగ్గర అరగంట నిలబడాలి. ట్రిబ్యునల్‌లో ఆ మాటలు విన్నవారిలో చాలామందికి, రోజూ తమ ఇంటి తలుపు తట్టే మనిషి పని కాలిమీద ఎంతగా ఆధారపడిందో మొదటిసారి తెలిసినట్టు అనిపించింది. ట్రిబ్యునల్ సంపాదన నష్టాన్ని 40 శాతంగా నిర్ణయించింది.

ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 18,000 చొప్పున ఏడాదికి 2,16,000. 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు 2017లో చెప్పింది. కలిపితే 3,02,400. అందులో 40 శాతం 1,20,960. 26 నుంచి 30 ఏళ్ల వయసుకు సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం (ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె) 17. మొత్తం 20,56,320 రూపాయలు. బీమా సంస్థ లెక్కన 12,000 ఆదాయం, 12 శాతం వైకల్యం, భవిష్యత్తు పెరుగుదల లేకుండా అదే గుణకంతో వచ్చేది 2,93,760. కాలు అదే, రైడర్ అదే. తేడా అంతా కాగితాలది.

వైద్య ఖర్చులు 4,10,000, పని లేని ఎనిమిది నెలలకు 1,44,000, నొప్పి, బాధలకు లక్ష, జీవన సౌఖ్యం కోల్పోయినందుకు లక్ష, రాడ్డు తీసే శస్త్రచికిత్సకు 75,000, రవాణా, పోషకాహారం, సహాయకుడికి 60,000. అన్నీ కలిపి 29,45,320. రైడర్ తప్పు 20 శాతం అని ట్రిబ్యునల్ తేల్చింది. హెడ్‌లైటు వెలుగులో అడ్డంగా ఉన్న ట్యాంకరు కొంత ముందే కనిపించి ఉండాలని, తడి రోడ్డు మీద ఇంకా నెమ్మదిగా రావాల్సిందని కారణం చెప్పింది. పదకొండు గంటల లాగిన్ ప్రస్తావన కూడా ఆ పేరాలోనే ఉంది. ఆ 20 శాతం పోను మిగిలింది 23,56,256 రూపాయలు, పిటిషన్ వేసిన తేదీ నుంచి 7.5 శాతం వడ్డీతో.

ఆ 20 శాతాన్ని నేను ఒప్పుకోను. ట్యాంకరు డ్రైవర్ బోనులోకే రాలేదు. వెనక దీపం లేని, మెరిసే టేపు లేని వాహనం అడ్డంగా తిరుగుతుంటే, గంటకు 38 కిలోమీటర్ల వేగంతో వస్తున్నవాడు ముందే చూడాల్సిందనడం చీకటి భారాన్ని కూడా అతని మీదే వేయడం.

ఈ కేసు తర్వాత నేను అడుగుతున్నవి

సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్, ప్లాట్‌ఫారమ్ కార్మికులను కేంద్ర చట్టం గుర్తించడం ఇదే మొదలు. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా నిధికి ఇవ్వాలి. ఆ నిధితో నడిచే పథకాల్లో ప్రమాద బీమా కూడా ఉంటుంది. అదే కోడ్‌లో ఉద్యోగుల పరిహారం భాగం చూడండి. ఉద్యోగి ఇంటి నుంచి పనిచోటికి వెళ్లే దారిలో ప్రమాదం జరిగితే, పనితో సంబంధం ఉన్నప్పుడు దాన్ని పనిలో జరిగినదిగానే లెక్కిస్తారు. రైడర్‌కు ఒక డ్రాప్ నుంచి తర్వాతి పికప్‌కు వెళ్లే దారి అంతకంటే దగ్గరి సంబంధం ఉన్నది. పథకాల నియమాలు రాసేటప్పుడు 'లాగిన్ నుంచి లాగౌట్ దాకా, తర్వాత ఇల్లు చేరే దాకా' అన్న మాట స్పష్టంగా రాయకపోతే, 'యాక్టివ్ ఆర్డర్ లేదు' అన్న వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది.

కర్ణాటక 2025లో చేసిన చట్టం, ఆటోమేటెడ్ పద్ధతులు తమ పనిని ఎలా నిర్ణయిస్తున్నాయో తెలుసుకునే హక్కును కార్మికులకు ఇచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. ఇక్కడి చట్టంలో ఒక చిన్న నిబంధన ఉండాలి. ప్రమాదం గురించి తెలిసిన వెంటనే ఆ రోజు లాగ్ మొత్తాన్ని కంపెనీ చెరపకుండా భద్రపరచాలి, గాయపడినవారికో కుటుంబానికో అడిగిన వారంలోగా ధ్రువపత్రంతో ఇవ్వాలి. మేం దాని కోసం కొన్ని నెలలు తిరిగాం. న్యాయవాదిని పెట్టుకోలేని కుటుంబానికి అది దొరకనే దొరకదు.

రైడర్లకు నేను చెప్పేది కష్టమైన పని కాదు. వారానికోసారి చెల్లింపుల తెరను ఫోటో తీసి ఇంట్లో వారికి పంపండి, ఫోను ప్రమాదంలోనే పగిలిపోవచ్చు. బీమా తెరను కూడా. ప్రమాదం జరిగితే స్నేహితులు మొదట చేయాల్సింది చుట్టుపక్కల కెమెరాలు వెతకడం, రోడ్డును, ఎదుటి వాహనం దీపాలను ఫోటో తీయడం. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని అందులో మీ గురించి ఏం రాశారో చదవండి. తప్పుగా ఉంటే స్పృహ వచ్చిన వెంటనే వాంగ్మూలం ఇవ్వండి.

ప్రస్తుతం కేసు హైకోర్టులో ఉంది. సంపాదన నష్టం 40 శాతం ఎక్కువని బీమా సంస్థ అప్పీలు వేసింది. 20 శాతం కోతను తీసేయాలని, ఆదాయాన్ని 22,000గా పరిగణించాలని మేం వేసిన అప్పీలు కూడా దానితో కలిపే వినాలి. కోర్టు ఆదేశంతో జమ చేసిన సగం మొత్తంలోంచి అతను ఆసుపత్రి అప్పు తీర్చేశాడు. రాడ్డు తీసే శస్త్రచికిత్స ఇంకా మిగిలింది. కూకట్‌పల్లిలోనే ఒక కొరియర్ గోదాములో పార్సిళ్లు స్కాన్ చేసే కూర్చునే పనిలో ఉన్నాడు, నెలకు 14,000. ఆ జీతం చీటీలను అదనపు సాక్ష్యంగా దాఖలు చేశాం.